మ్యాప్ ప్రాజెక్టులో ఏ లైబ్రరీ తెచ్చుకోవాలి, ఏది మనమే రాసుకోవాలి

మొన్న ఆదివారం మా ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చిన తమ్ముడు ఒకడు, రాజాంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే తన కోడ్ కలుపుకోమనే అర్జీ, పెట్టాడు. పని చిన్నదే, మ్యాప్ మీద రెండు ఊళ్లు నొక్కితే మధ్యలో దూరం చూపించాలి, దానికోసం వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్ మూట, అదే లైబ్రరీ, ఒకటి కలిపాడు, దాని వెనకాల ఇంకో డజను లైబ్రరీలు వచ్చి కూర్చున్నాయి. ఇది వద్దు నాన్నా, పది పదిహేను లైన్ల ఫార్ములా మనమే రాసుకుందాం అంటే "ఏటవుద్ది అన్నయ్యా, అందరూ వాడుతున్నదే కదా" అన్నాడు. సరిగ్గా అదే వారం మా మాస్టారు, సర్వే పనిలో ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగిన మనిషి, కోఆర్డినేట్లు మార్చే కోడ్ అంతా సొంతంగా రాసుకొచ్చారు, ఫార్ములాలు నాకు కంఠతా వచ్చు కదా బాబూ లైబ్రరీ ఎందుకు అని. అది కూడా వద్దన్నాను, ఇక్కడ మాత్రం లైబ్రరీయే వాడాలి మాస్టారూ అన్నాను. ఒకరితో వద్దని ఇంకొకరితో కావాలని చెప్పేసరికి ఇద్దరూ "నీ లెక్క ఏటో కాస్త విడమర్చి చెప్పు" అని అడిగారు. అదే ఇక్కడ రాస్తున్నా, మ్యాప్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే మిగతా వాళ్లకి కూడా పనికొస్తుందని.

మాది పెద్ద ప్రాజెక్టేం కాదు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం జిల్లాల ఊళ్లు, చెరువులు, తుపాను షెల్టర్లు, పీహెచ్‌సీలు నెట్ లేకపోయినా ఫోన్లో కనపడాలి, తెలుగులో కనపడాలి, అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు లేదు, టవర్లు లేవు, ఆ రోజులు చూసిన వాళ్లకి నెట్ లేని మ్యాప్ ఎందుకో చెప్పక్కర్లేదు. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మేం నలుగురం రాత్రిళ్లు, ఆదివారాలు కూర్చుని రాస్తాం. నలుగురే కాబట్టి అన్నీ మనమే రాసుకోలేం, నలుగురే కాబట్టి ఏది పడితే అది తెచ్చుకుని దాన్ని మేపలేం కూడా.

ఇక లెక్క. లైబ్రరీ తెచ్చేముందు అందరూ అడిగే ప్రశ్న "దీనివల్ల ఎంత పని తగ్గుద్ది" అని. నేను ముందు అది అడగను. ఈ పని మనమే చేసి అందులో తప్పు చేస్తే ఆ తప్పు మనకి కనపడుద్దా, కనపడదా? ఇది అడుగుతా. దూరం ఫార్ములా తప్పు రాస్తే వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే శ్రీకాకుళం నుంచి విజయనగరానికి తిన్నగా గీత గీస్తే సుమారు 56 కిలోమీటర్లు, డిగ్రీలు రేడియన్లు కలిపేసుకుంటే అది వేలల్లోనో సున్నాకి దగ్గర్లోనో వస్తుంది, మా అమ్మకి చూపించినా తప్పని చెప్తుంది. అలాంటివి మనమే రాసుకోవచ్చు. ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదును మ్యాప్ మీదకి తెచ్చే లెక్కలో, తప్పు అలా కాదు, మ్యాప్ మామూలుగానే కనపడుతుంది, గట్టు కాస్త పక్కకి ఉంటుంది, విస్తీర్ణం కాస్త ఎక్కువ వస్తుంది, ఏ రెండేళ్లకో ఎవరో పొలం దగ్గర నిలబడి చూసి అడిగేదాకా ఎవరికీ తెలీదు. అలాంటి చోట వేలమంది ఏళ్ల తరబడి వాడి తప్పులు ఏరేసిన లైబ్రరీ కావాలి. మాస్టారి ఫార్ములాలు తప్పని కాదు నేనన్నది, తప్పుంటే కనిపెట్టే దారి మన దగ్గర లేదని.

రెండో ప్రశ్న, ఈ లైబ్రరీ రేపు పొద్దున్న లేకుండా పోతే మనం ఎన్ని ఫైళ్లు ముట్టుకోవాలి. ఒకటో రెండో అయితే భయం లేదు. నలభై అయితే అది లైబ్రరీ కాదు, మన ఇంటి దూలం, దాన్ని దూలంలాగే చూసి ఎంచుకోవాలి.

ప్రొజెక్షన్ దగ్గర ఎక్కువసేపు ఆగుదాం

మన ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే 84 డిగ్రీల రేఖాంశం మన శ్రీకాకుళం జిల్లా మధ్యలోంచి పోతుంది. యూటీఎం అంటే భూమిని జోన్లనే నిలువు పట్టీలుగా కోసి మీటర్లలో కొలిచే పద్ధతి, దాని లెక్కలో ఆ గీతకి పడమర 44వ జోను, తూర్పు 45వ జోను. శ్రీకాకుళం టౌను 83.9 దగ్గర ఉంది కాబట్టి 44లో పడుతుంది, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఒకే జిల్లా, రెండు జోన్లు. గీత మీదున్న ఒకే చెట్టుకి 44వ జోనులో ఈస్టింగ్ (తూర్పు వైపు కొలత) 8 లక్షల మీటర్లు దాటుతుంది, 45లో 2 లక్షల లోపే ఉంటుంది. ఒక ఊరి డేటా ఒక జోనులో ఇంకో ఊరి డేటా ఇంకో జోనులో వచ్చి, జోను నంబరు ఎక్కడా రాసుకోకుండా కలిపేస్తే ఏమవుద్దో ఊహించుకోండి. మొత్తం జిల్లాని ఒకే 44వ జోనులో లాగించేయొచ్చు, అప్పుడు ఇచ్ఛాపురం దగ్గర కిలోమీటరుకి ఒకటిన్నర మీటరు తేడా వస్తుంది, చాలా పనులకి అది ఫర్వాలేదు, కానీ ఆ నిర్ణయం మనం తెలిసి తీసుకోవాలి, తెలీకుండా జరిగిపోకూడదు.

ఇంకోటి, వెబ్ మ్యాపులన్నీ వాడే వెబ్ మెర్కేటర్ అనే ప్రొజెక్షన్. మన 18.3 డిగ్రీల అక్షాంశం దగ్గర అది పొడవుని 5 శాతం పైన, విస్తీర్ణాన్ని దాదాపు 11 శాతం పెంచి చూపిస్తుంది. 10 ఎకరాల చెరువు స్క్రీన్ మీది కోఆర్డినేట్లతో అలాగే లెక్కేస్తే 11 ఎకరాలు వస్తుంది. పదకొండు అన్నది నమ్మబుద్ధయ్యే సంఖ్యే కదా, అదే దాని ప్రమాదం. వంద వచ్చి ఉంటే ఎవరైనా ఆగేవారు.

అందుకే ఇక్కడ ప్రొజెక్షన్లు మార్చే ప్రోజ్ లైబ్రరీయే. అమెరికా జియలాజికల్ సర్వేలో జెరాల్డ్ ఈవెండెన్ మొదలుపెట్టిన కోడ్ అది, దశాబ్దాలుగా నడుస్తోంది, క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్, జీడాల్ లాంటి మ్యాప్ సాఫ్ట్‌వేర్లన్నీ దానిమీదే నిలబడ్డాయి. అలా అని తెచ్చి పెట్టేసి మర్చిపోవచ్చా అంటే కాదు. 2019లో వచ్చిన 6వ వెర్షన్‌లో డేటా అంతా ఒక ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లోకి పోయింది, ఈపీఎస్‌జీ 4326 అనే మామూలు అక్షాంశ రేఖాంశాల పద్ధతికి అక్షాంశం ముందా రేఖాంశం ముందా అన్నది అధికారిక నిర్వచనం ప్రకారం అక్షాంశమే ముందు అయ్యింది, 2021లో 8వ వెర్షన్‌కి పాత ఏపీఐ, అంటే మన కోడ్ దాన్ని పిలిచే పద్ధతి, పూర్తిగా తీసేశారు. మేం వెర్షన్ మార్చినప్పుడు మార్పుల నోట్స్ చదవకుండా మార్చాం, తప్పు మాదే, మర్నాడు మా ఊళ్లన్నీ మాయం. వెతికితే 18.3, 83.9 కాస్తా 83.9, 18.3 అయ్యి శ్రీకాకుళం వెళ్లి ఆర్కిటిక్ సముద్రంలో స్వాల్‌బార్డ్‌కి కూడా ఉత్తరాన తేలింది. ఆ తప్పు అంత పెద్దగా కనపడింది కాబట్టి గంటలో సర్దుకున్నాం. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం, ప్రోజ్‌ని పిలిచే కోడ్ మొత్తం ప్రాజెక్టులో ఒక్క ఫైల్లోనే ఉంటుంది, దానికి శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం మూడు పాయింట్లతో టెస్టు ఉంటుంది, మూడు ఎందుకంటే గీతకి ఇటొకటి అటొకటి, తీరానికి దూరంగా ఇంకొకటి.

బ్రౌజర్ వైపైతే ప్రోజ్‌కి బదులు ప్రోజ్‌ఫోర్‌జేఎస్ ఉంది, చిన్నది, రోజువారీ ప్రొజెక్షన్లకి సరిపోతుంది. పాత సర్వే మ్యాపుల (టోపోషీట్ల) మీద పనుంటే, అంటే ఎవరెస్ట్ స్ఫెరాయిడ్ లెక్కలో గీసినవి అయితే, ఆ డేటం (కొలతలకి ఆధారంగా తీసుకున్న భూమి ఆకారం) మార్పిడి బ్రౌజర్లో కాకుండా పూర్తి ప్రోజ్‌తో ముందే చేసి పెట్టుకోండి, లేదంటే రోడ్లూ చెరువులూ కనపడేంత పక్కకి జరిగి కూర్చుంటాయి.

మ్యాప్ చూపించడానికి ఏది

ఇక్కడ మూడింటి మధ్య పోటీ: లీఫ్‌లెట్, ఓపెన్‌లేయర్స్, మ్యాప్‌లిబ్రె. ఇంగ్లీషులో రాసిన పోలికలన్నీ స్పీడు, సైజు, త్రీడీ అని మొదలుపెడతాయి. తెలుగు మ్యాప్ చేసేవాళ్లు అక్కడ మొదలుపెట్టకూడదు, ఒత్తుల దగ్గర మొదలుపెట్టాలి.

ఎందుకో చెప్తా. మ్యాప్‌ని బొమ్మగా కాకుండా గీతలు, పాయింట్లుగా తెచ్చుకుని ఫోన్లోనే గీసే మ్యాప్‌లిబ్రె తరహా వెక్టర్ రెండరర్లు అక్షరాల బొమ్మల్ని ముందే చేసి పెట్టిన ఫైళ్లలోంచి తెచ్చుకుంటాయి, ఒక్కో ఫైల్లో 256 యూనికోడ్ సంకేతాలకి సరిపడా బొమ్మలుంటాయి. ఇంగ్లీషుకి ఇది బంగారంలాంటి పద్ధతి, ఒక సంకేతానికి ఒక బొమ్మ. మన 'శ్రీ' అనే ఒక్క అక్షరం యూనికోడ్‌లో నాలుగు సంకేతాలు, శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. అవి కలిసి ఒక ఆకారం అవ్వాలంటే ఫాంటు లోపలున్న నియమాలు చదివి ఏ బొమ్మ ఎక్కడ కూర్చోవాలో తేల్చే షేపింగ్ అనే పని జరగాలి. ర ఒత్తు బొమ్మకి సొంత సంకేతమే లేదు, అందుకని ఆ ఫైళ్లలో దానికి చోటే ఉండదు. ఫలితం, అక్షరాలు విడివిడిగా పడతాయి, పొల్లు ఒక చోట ర ఒక చోట. అరబిక్ లాంటి కుడినుంచి ఎడమకి రాసే లిపులకి వేరే ప్లగిన్ చాలాకాలంగా ఉంది, భారతీయ లిపుల సంగతి చాలా ఏళ్లు అలా ఉండిపోయింది. కొత్త వెర్షన్లలో దీనిమీద పని జరుగుతూనే ఉంది కాబట్టి నా మాట మీద కాకుండా మీరు వాడబోయే వెర్షన్‌లో మీరే రాసి చూసుకోండి. పరీక్షకి మన ఊళ్లకి మించినవి లేవు: శ్రీకాకుళం, ఎచ్చెర్ల, బొబ్బిలి, నెల్లిమర్ల, ఇచ్ఛాపురం, పార్వతీపురం. 'పలాస' ఒక్కటి రాసి బానే ఉందనుకోవద్దు, అందులో ఒత్తే లేదు.

ఓపెన్‌లేయర్స్ లేబుళ్లని బ్రౌజర్ క్యాన్వాస్ మీద బ్రౌజర్ చేతే రాయిస్తుంది, అంటే షేపింగ్ పని బ్రౌజర్ చూసుకుంటుంది, తెలుగు సరిగ్గా పడుతుంది. లీఫ్‌లెట్‌లో అయితే టైల్ అనే చదరపు మ్యాప్ ముక్క బొమ్మలో ఏ అక్షరాలుంటే అవే, వాటి బాధ్యత టైల్ గీసిన సర్వర్‌ది, టైళ్లు గీసే మ్యాప్నిక్‌తో గీస్తే అందులో షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి ఒత్తులు చక్కగా వస్తాయి. మనం పైన కలిపే లేబుళ్లు మామూలు హెచ్‌టీఎంఎల్, వాటికీ బ్రౌజరే దిక్కు, దిగుల్లేదు. ఒక్క మాట, జనం కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మామూలు టైళ్లలో మన ఊళ్ల పేర్లు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి, తెలుగు పేరు వేరే ట్యాగులో ఉంటుంది, కాబట్టి తెలుగు మ్యాప్ కావాలంటే టైళ్లు మనమే గీయించుకోవాలి, లేకపోతే పేర్ల లేయర్ విడిగా వేసుకోవాలి.

సైజు సంగతి: లీఫ్‌లెట్ 42 కేబీ దగ్గర ఉంటుంది, దాని కింద వేరే డిపెండెన్సీ, అంటే అది ఆధారపడే లైబ్రరీ, ఒక్కటీ లేదు, వోలోదిమిర్ అగాఫోంకిన్ రాసింది 2011లో బయటికొచ్చింది. పాత ఫోన్లలో హాయిగా నడుస్తుంది. మ్యాప్‌లిబ్రె దానికి చాలా రెట్లు బరువు, బ్రౌజర్లో గ్రాఫిక్స్ గీసే వెబ్‌జీఎల్ కావాలి, కానీ వెక్టర్ టైళ్లు కావడంతో జిల్లా మొత్తం మ్యాప్ తక్కువ స్థలంలో ఫోన్లో పెట్టుకోవచ్చు, జూమ్ చేసినా మసకబారదు. ఓపెన్‌లేయర్స్ మధ్యలో ఉంటుంది, రకరకాల ప్రొజెక్షన్లు, రకరకాల ఫైళ్లు దానికి అలవాటు, నేర్చుకోడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి.

మేం ఏది తీసుకున్నామంటే ఓపెన్‌లేయర్స్. ఒత్తులు, యూటీఎం, ఈ రెండు కారణాలు చాలు మాకు. మీది ఊరి పండగలో తీర్థం చూపించే చిన్న మ్యాపో, స్కూలు ప్రాజెక్టో అయితే కళ్లు మూసుకుని లీఫ్‌లెట్ తీసుకోండి. లేబుళ్లు ఇంగ్లీషులో చాలు, డేటా భారీగా ఉంది అంటే మ్యాప్‌లిబ్రె.

మ్యాప్‌లిబ్రె పుట్టిన కథ కూడా ఎంపికలో ఒక పాఠమే కాబట్టి చెప్తా. 2020 డిసెంబర్‌లో మ్యాప్‌బాక్స్ వాళ్లు తమ జీఎల్ జేఎస్ 2వ వెర్షన్‌ని ఎవరైనా వాడుకోగల బీఎస్‌డీ లైసెన్స్‌లోంచి తీసేసి సొంత షరతుల్లోకి మార్చారు, అకౌంట్ టోకెన్ ఉంటే గానీ వాడకూడదు. అది వాళ్ల హక్కు, వాళ్ల కోడ్. అప్పటిదాకా ఉన్న 1వ వెర్షన్ కోడ్ మాత్రం బీఎస్‌డీలోనే ఉండిపోయింది, దాన్నే జనం ఫోర్క్ చేసుకుని, అంటే కాపీగా విడదీసుకుని, మ్యాప్‌లిబ్రె అని నడుపుకుంటున్నారు. అప్పటికి ఆ లైబ్రరీని ఒక్క ఫైల్లోంచే పిలుచుకున్న ప్రాజెక్టులకి దారి మార్చడం తేలిక, అన్ని ఫైళ్లలోనూ పరిచేసుకున్న వాళ్లకి ఎక్కువ పని. లైబ్రరీ ఒక్క కంపెనీ చేతిలో ఉందా, పదిమంది చేతుల్లో ఉందా అన్నది ఎంచుకునే రోజే చూసుకోవాలి.

జామెట్రీ, ఫైళ్లు

ఒక పాయింటు పాలిగన్ (మూసిన హద్దు) లోపలుందా బయటుందా, ఇది పది లైన్లు, రాసుకోవచ్చు. రెండు పాలిగన్లు ఎక్కడ కలుస్తున్నాయి, చెరువు చుట్టూ వంద మీటర్ల పట్టీ (బఫర్), ఇవి మాత్రం రాయొద్దు. మామూలు కేసుల్లో బానే వస్తాయి, అంచులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడినప్పుడు, గీత తన్ను తానే కోసుకున్నప్పుడు తప్పుతాయి, ఆ తప్పు ఒక చెరువు మాయమైతే తప్ప తెలీదు, వందల చెరువుల్లో ఒకటి పోతే ఎవరు చూస్తారు. జియోస్ తీసుకోండి, అది జావాలో ఉన్న జేటీఎస్‌కి సీప్లస్‌ప్లస్ రూపం. పిలిచేటప్పుడు దాని సీ ఏపీఐనే పిలవండి, నిలకడగా ఉంచుతామని వాళ్లు మాటిచ్చేది దానికే, సీప్లస్‌ప్లస్ క్లాసులు వెర్షన్ వెర్షన్‌కీ మారతాయి. బ్రౌజర్లో అయితే టర్ఫ్, అది ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది, కావాల్సిన ముక్కే తెచ్చుకోండి, మొత్తం మూట వద్దు.

ఫైళ్లు చదవడానికి జీడాల్ గురించి అందరూ చెప్తారు, 1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ మొదలుపెట్టింది, ఎంఐటీ లైసెన్స్, లోకంలో ఉన్న మ్యాప్ ఫార్మాట్లు చాలావరకు చదువుతుంది. దాని బలమూ అదే బరువూ అదే. మేం జీడాల్‌ని యాప్‌లో పెట్టలేదు, మా లాప్‌టాప్‌లో డేటా తయారుచేసే దగ్గర మాత్రమే వాడతాం, యాప్‌లోకి వెళ్లేది ఒక్క జియోప్యాకేజీ ఫైలు, అది ఎస్‌క్యూలైటే, దాన్ని చదవడానికి ఫోన్లో ఉన్న ఎస్‌క్యూలైట్ చాలు. డిపెండెన్సీ తూచేటప్పుడు ఈ తేడా చాలామంది చూడరు: తయారీలో వాడే సామాను వేరు, వడ్డించే పళ్లెంలోకి వచ్చేది వేరు. రుబ్బురోలు ఎంత పెద్దదైనా వంటింట్లోనే ఉంటుంది కదా.

షేప్‌ఫైల్ అనే పాత మ్యాప్ ఫార్మాట్ గురించి ఒక్క హెచ్చరిక, ఆఫీసుల నుంచి డేటా ఎక్కువగా ఇందులోనే వస్తుంది కాబట్టి. దాని పట్టికలో కాలమ్ పేరుకి 10 బైట్లే, తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్8లో 3 బైట్లు, అంటే మూడు సంకేతాలతో సరి. ఒక గడిలో 254 బైట్లు, 'శ్రీకాకుళం' ఒక్కటే 30 బైట్లు తింటుంది. ఎన్‌కోడింగ్ చెప్పే చిన్న ఫైలు తోడు రాకపోతే తెలుగంతా పిచ్చి గుర్తులే. కాబట్టి లోపలికి రాగానే జియోప్యాకేజీలోకి మార్చేయండి, షేప్‌ఫైల్ చదివే కోడ్‌ని ప్రాజెక్టు లోతుల్లోకి రానివ్వొద్దు.

డేటా కూడా డిపెండెన్సీయే. జిల్లాల పేర్లు సరిహద్దులు ఇచ్చే చిన్న ప్యాకేజీలు బోలెడు దొరుకుతాయి, మేం ఒకటి వాడి ఒగ్గేశాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి, ఆ ప్యాకేజీలో మాత్రం రాజాం ఇంకా శ్రీకాకుళంలోనే ఉంది, అడిగితే జవాబిచ్చే నాథుడు లేడు. ఇది మనకి కంటికి కనపడే తప్పు, మన జిల్లా పేరు మనకి తెలీదా, అందుకే ఆ పట్టిక మేమే పెట్టుకున్నాం. మన ఊరి సంగతి మనకంటే దూరంగా ఉన్నవాడి దగ్గర అరువు తెచ్చుకోవడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు.

నెట్‌లో ఉండే సర్వీసులు

టైల్ సర్వర్, అడ్రసు వెతికే సర్వీసు, ఇవి కోడ్‌లో ఒక్క లైన్‌లా కనపడతాయి, కానీ వీటిని లైబ్రరీలకంటే గట్టిగా తూచాలి, ఎందుకంటే లైబ్రరీ పాత వెర్షన్ మన దగ్గరే ఉంటుంది, సర్వీసు అలా ఉండదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టైల్ సర్వర్ విరాళాలతో నడిచేది, దాన్నుంచి టైళ్లు గంపగుత్తగా దించుకోవడం నిషేధం, ఆఫ్‌లైన్ యాప్‌కి అది అస్సలు దారి కాదు. అడ్రసులు వెతికే నామినాటిమ్ పబ్లిక్ సర్వర్‌కి సెకనుకి ఒక్క రిక్వెస్టే హద్దు. వాళ్లు ఉచితంగా పెట్టినదాన్ని మనం తొక్కేయకూడదు. డేటా మొత్తం దించుకోవచ్చు, జియోఫాబ్రిక్‌లో దక్షిణ భారతం ముక్క విడిగా దొరుకుతుంది, అందులోంచి మన మూడు జిల్లాలు కత్తిరించుకుని టైళ్లు మనమే చేసుకుని ఒక్క ఎంబీటైల్స్ ఫైలుగానో పీఎంటైల్స్ ఫైలుగానో పెట్టుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కాంట్రిబ్యూటర్లు అన్న మాట మాత్రం మ్యాప్ మూల కనపడాలి, డేటాకి ఓడీబీఎల్ లైసెన్స్ ఉంది, అది మన కోడ్ లైసెన్స్‌తో సంబంధం లేకుండా వర్తిస్తుంది.

లైసెన్స్‌లు

దీన్ని త్వరగా ముగిస్తా. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ అయితే పేర్లు నిలబెట్టి వాడుకోండి. అపాచీ 2 కోడ్‌ని జీపీఎల్ 2 మాత్రమే అని ఉన్న ప్రాజెక్టులో కలపకూడదు, జీపీఎల్ 3 అయితే ఫర్వాలేదు. జియోస్ ఎల్‌జీపీఎల్, మనది ఎలాగూ ఓపెన్ కోడే కాబట్టి దాని షరతులు మనకి బరువు కాదు. జీపీఎల్ లైబ్రరీ కలిపితే మొత్తం యాప్‌ని జీపీఎల్ షరతులతోనే ఇవ్వాల్సి వస్తుంది, నలుగురూ ఒప్పుకుంటేనే చేయండి. అసలు లైసెన్స్ ఫైలే లేని కోడ్ నెట్‌లో కనపడితే అది ఉచితం కాదు, ఎవరికీ అనుమతి లేదని అర్థం, రాసినవాళ్లకి మర్యాదగా ఒక ఉత్తరం రాసి లైసెన్స్ పెట్టమనండి, చాలామంది పెడతారు.

వెనకాల ఎవరున్నారు

చివరి మార్పు ఎప్పుడు జరిగిందో చూసి లైబ్రరీ బతికుందా లేదా అని తేల్చేస్తుంటారు. అది సగమే. షేప్‌ఫైల్ వివరణ 1998లో వచ్చింది, అప్పటినుంచి పెద్దగా మారలేదు, దాన్ని చదివే కోడ్ నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోకపోయినా పని అయిపోయిందనే అర్థం కావచ్చు. నెట్‌తో మాట్లాడే లైబ్రరీని ఏడాదిగా ఎవరూ చూడకపోతే మాత్రం ముట్టుకోవద్దు. నేను చూసేది ఏటంటే ఎవరైనా తప్పు చూపిస్తే జవాబు ఎలా వస్తోంది, ఎంతమంది ఇస్తున్నారు, ఒక్క మనిషే అయితే ఆయన అలిసిపోయినట్టు కనపడుతున్నాడా.

అలిసిపోవడం ఎందుకు చూడాలంటే 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ సంగతి వల్ల. ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా నడిపిస్తున్న మనిషి పక్కన సాయంగా చేరి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వెతకబట్టి దొరికింది. దాని గురి దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ మీద, మ్యాపుల మీద కాదు, కానీ అదే కంప్రెషన్ లైబ్రరీని టిఫ్ బొమ్మలు చదివే లిబ్‌టిఫ్ వాడుకోవచ్చు, లిబ్‌టిఫ్‌ని జీడాల్ వాడుతుంది, అంటే మన శాటిలైట్ బొమ్మ వెనకాల నాలుగో వరసలో ఆ అలిసిపోయిన మనిషి ఉన్నాడు. కాబట్టి లైబ్రరీని తూచేటప్పుడు దాన్నొక్కదాన్నే కాదు, దాని వెనకాల వరసంతా ఒకపాలి ప్రింటు తీసి పైనుంచి కిందకి చదవండి. చదువుతుంటే వీళ్లలో ఎవరికైనా మనం సాయం చేయగలమా అని కూడా చూడండి. మా మాస్టారు ప్రోజ్‌కి కోడ్ రాయక్కర్లేదు, పాత సర్వే లెక్కల మీద వచ్చే ప్రశ్నలకి జవాబిచ్చినా అక్కడివాళ్లకి భారం తగ్గుద్ది.

మూడో దారి

తెచ్చుకోవడం, రాసుకోవడం కాక ఇంకో దారి ఉంది, లైసెన్స్ ఒప్పుకుంటే ఆ చిన్న ముక్క కోడ్‌ని మన ప్రాజెక్టులోకి కాపీ చేసి పైన లైసెన్స్, ఎక్కడినుంచి తెచ్చామో, ఏ వెర్షనో రాసి పెట్టుకోవడం. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దొరికే ఎన్‌పీఎం నుంచి తీసేస్తే దాని మీద ఆధారపడ్డ పెద్ద పెద్ద ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. పదకొండు లైన్లకి కాపీయే సరైనది. కానీ వెయ్యి లైన్లు దాటిన కోడ్‌ని, ముఖ్యంగా బయటినుంచి వచ్చే ఫైళ్లని చదివే కోడ్‌ని కాపీ చేసుకోవద్దు, అసలుదాంట్లో సెక్యూరిటీ తప్పు దిద్దితే మన కాపీకి ఆ దిద్దుబాటు రాదు, రాలేదన్న సంగతి కూడా మనకి తెలీదు.

ఏదైనా లైబ్రరీ మీద మనసు పడితే నేను ఒక సాయంత్రం కేటాయిస్తా. ఊళ్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో, నెట్ తీసేసి, ముందే దించుకున్న కోడ్‌తో బిల్డ్ చేస్తా, అవ్వకపోతే తుపాను రోజున కూడా అవ్వదు. ఎచ్చెర్ల, బొబ్బిలి రాసి చూస్తా. తర్వాత దాన్ని తీసేయడానికి ప్రయత్నిస్తా, నిజంగానే తీసేసి ఎన్ని చోట్ల విరిగిందో లెక్కపెడతా. కలపడం ఎంత తేలికో అందరూ చూస్తారు, తీయడం కూడా అదే రోజు చూసుకోవడం మంచిది, ఎందుకంటే అప్పటికి ఇంకా కోడ్ దాని చుట్టూ అల్లుకుని ఉండదు.

వెర్షన్లు మార్చడానికి మాకు కాలం ఉంది. ఏటా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మారుస్తాం, టెస్టులు వేస్తాం, ఫోన్లలో పెట్టి తిప్పుతాం. సెప్టెంబర్ వస్తే సెక్యూరిటీ దిద్దుబాట్లు తప్ప ఏదీ ముట్టుకోం, అక్టోబర్, నవంబర్ మన తీరానికి తుపానుల కాలం. ఎంత గొప్ప కొత్త ఫీచర్ వచ్చినా సంక్రాంతి దాటాకే.

తమ్ముడు తన పుల్ రిక్వెస్ట్‌లో లైబ్రరీ తీసేసి దూరం ఫార్ములా సొంతంగా రాశాడు, పద్నాలుగు లైన్లు, టెస్టుకి శ్రీకాకుళం విజయనగరం పెట్టుకున్నాడు. మాస్టారి కోడ్‌ని మేం పారేయలేదు, ప్రోజ్ ఇచ్చే జవాబుని ఆయన ఫార్ములా ఇచ్చే జవాబుతో సరిపోల్చే టెస్టుగా మార్చాం, రెండూ మిల్లీమీటరు దాకా కలిశాయి, ఒక్క ఇచ్ఛాపురం పాయింటు దగ్గర తప్ప. అక్కడ ఆయన 44వ జోను రాసుకున్నారు.